రంగం దారి మూతపడ్డ కాలం
(రెండో ప్రపంచ యుద్ధం – విశాఖపట్నం: స్మారకోపన్యాస పాఠం)



విశాఖ బీచ్ రోడ్డులో పాత డచ్చివారి బంగళా ఒకటి ఇప్పుడు విశాఖ మ్యూజియం అయింది. అందులో జమీందారుల కత్తులు, నౌకల నమూనాలు, నౌకాదళ సామగ్రి మధ్య ఒక ఇనుప ముద్ద కనిపిస్తుంది. అది 1942లో జపాన్ విమానం జారవిడిచిన బాంబు. బరువు 250 పౌండ్లు అంటారు. పడింది కానీ పేలలేదు. బడిపిల్లలు వరుస కట్టి వస్తారు, దాని ముందు కాసేపు ఆగుతారు, "ఇది ఇప్పుడు పేలుతుందా మాస్టారూ?" అని ఎవరో ఒకరు అడుగుతారు. మాస్టారు నవ్వి వరుసను ముందుకు తోలుతారు.

పేలని బాంబుకైతే మ్యూజియంలో చోటు దొరికింది. పేలినవాటి సంగతే ఎవరికీ పెద్దగా పట్టలేదు. వాటిలో ఇనుముతో చేసినవి కొన్నే. బియ్యం ధరగా పేలినవి, మూతపడ్డ ఓడదారిగా పేలినవి, అడవిలో ఆగిపోయిన కాలినడకగా పేలినవి చాలా ఉన్నాయి. స్మారకోపన్యాసం అంటే సాధారణంగా ఒక మహనీయుడి పేరిట జరుగుతుంది. ఈ సాయంత్రం తలచుకునేది మాత్రం పేర్లు తెలియనివారిని: 1942 ఏప్రిల్ 6న విశాఖలోనూ కాకినాడలోనూ చనిపోయినవారిని, అదే ఏడాది బర్మా కొండల్లో ఇంటిముఖం పట్టి ఇల్లు చేరని తెలుగు కూలీలను.

విశాఖకు యుద్ధం అంటే గుర్తొచ్చేది ఆ ఒక్కరోజు బాంబుదాడి. ఊరిని నిజంగా మార్చింది మాత్రం రంగూన్ దారి మూతపడటం. ఈ ఉపన్యాసం చెప్పదలచుకున్నది అదే.

తూర్పు ముఖం పెట్టిన ఊరు

ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగూన్‌ను రంగూన్ అనేవారు కాదు, 'రంగం' అనేవారు. "మావాడు రంగం వెళ్లాడు" అంటే ఆ ఇంట్లో అప్పు తీరే రోజు వస్తుందనీ, చెల్లెలి పెళ్లి కుదురుతుందనీ అర్థం. వరి ఊడ్చాక మనుషులు ఓడ ఎక్కేవారు. బర్మాలో కోతలు, రంగూన్ బియ్యం మిల్లుల పని ముగించుకుని మళ్లీ వానాకాలానికి ఇంటికి చేరేవారు. కొందరు రెండేళ్లు, మూడేళ్లు ఉండిపోయేవారు. మేస్త్రీ ముందుగా బయానా ఇచ్చి, ఓడ ఖర్చు పెట్టుకుని తీసుకెళ్లేవాడు. ఆ బాకీ తీరేదాకా కూలీ చేతులు మేస్త్రీవే.

బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు గోపాలపురం, బారువ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ, కాకినాడ తీరాల్లో ఆగుతూ మనుషుల్ని ఎక్కించుకునేవి. చాలాచోట్ల ఓడ ఒడ్డుకు వచ్చేది కాదు, దూరంగా నడిసముద్రంలో లంగరు వేసేది. మసూలా పడవలో అలలు దాటుకుంటూ వెళ్లి నిచ్చెన పట్టుకోవాలి. ఒకప్పటి కోరంగి రేవు పేరు బర్మాలో తెలుగువాడి పేరే అయిపోయింది. అక్కడివాళ్లు తెలుగు కూలీని 'కోరింగీ' అని పిలిచేవారు, ఆ పిలుపులో గౌరవం తక్కువ.

1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు పది లక్షలకు పైగా ఉన్నారు. రంగూన్ నగరంలో సగానికి మించి భారతీయులే. తెలుగు మాట్లాడేవారు లక్షన్నరకు పైబడి ఉన్నారు. రేవులో బస్తాలు మోసింది, రిక్షాలు లాగింది, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చింది ఎక్కువగా వాళ్లే. 1930 మే నెలలో కూలి పెంచమని తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే, వారి స్థానంలో బర్మీయుల్ని పెట్టారు. సమ్మె తేలిపోగానే బర్మీయుల్ని పొమ్మన్నారు. ఆ కోపం కంపెనీల మీదికి పోలేదు, తెలుగు కూలీల మీద విరుచుకుపడింది. వందమందికి పైగా చనిపోయారు. యుద్ధానికి పదేళ్ల ముందే ఆ పరాయినేల అంత భద్రమైనది కాదని తేలిపోయింది. అయినా ఓడలు నిండుతూనే ఉన్నాయి. ఇంటి దగ్గర పొలం లేనివాడికి రంగం తప్ప వేరే దారి లేదు.

ఈ లోగా విశాఖకు సొంత రేవు వచ్చింది. డాల్ఫిన్ నోస్ కొండ పక్కన, గెడ్డ సముద్రంలో కలిసేచోట, బురదనేల తవ్వి లోపలి హార్బరు కట్టారు. దక్షిణం నుంచి కొట్టుకొచ్చే ఇసుకను ఆపడానికి ఇంజినీర్లు ఒక ఉపాయం చేశారు. జేనస్, వెల్లెడ్సన్ అనే రెండు పాత ఓడల్ని రేవు ముంగిట ముంచి, వాటినే అడ్డుగోడకు పునాది చేశారు. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ జలదుర్గ లోపలికి వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు.

రేవు కట్టించిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఆశ ఖనిజం మీద. మధ్య పరగణాల మాంగనీసు రాయపూర్ – విజయనగరం లైను మీదుగా ఇక్కడికి చేరాలి. మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది కూడా 1892లో, విజయనగరం ప్రాంతంలోనే. మాంగనీసు కలవనిదే ఉక్కుకు గట్టిదనం రాదు, ఉక్కు లేనిదే ఫిరంగి లేదు. పుట్టుకతోనే ఈ రేవుకు ఒకవైపు కూలీ, ఇంకోవైపు ఖనిజం. యుద్ధం ఈ రెండింటినీ పట్టుకుంది.

అడక్కుండా వచ్చిన యుద్ధం

1939 సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించాడు. దేశంలో ఏ శాసనసభనూ అడగలేదు. దానికి నిరసనగా అక్టోబరు నెలాఖరున మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. డిసెంబరులో విశాఖలో రాయల్ ఇండియన్ నేవీ స్థావరం హెచ్.ఎం.ఐ.ఎస్. సర్కార్స్ మొదలైంది. 'ఉత్తర సర్కారులు' అన్న పాత పేరు అలా ఓ నౌకాదళ స్థావరానికి అంటుకుంది. స్వాతంత్ర్యం తరువాత అదే ఐ.ఎన్.ఎస్. సర్కార్స్ అయింది.

మొదటి రెండేళ్లూ యుద్ధం పత్రికల్లోనే ఉంది. పోలండ్, పారిస్, లండన్ అని దూరపు పేర్లు. ఆ రెండేళ్లలోనే వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ తరఫున ఓడలు కట్టే కార్ఖానాకు స్థలం వెతికాడు. కలకత్తాలో చోటు దొరక్క విశాఖ మీద చూపు పడింది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. ఆ మర్నాడే, జూన్ 22న, హిట్లర్ సేనలు సోవియట్ యూనియన్‌లోకి చొరబడ్డాయి. విశాఖలో పునాదిరాయి చుట్టూ కట్టిన మామిడాకులు వాడకముందే యుద్ధం రెండింతలైంది.

డిసెంబరులో పెర్ల్ హార్బరు తరువాత అంతా వేగం పుంజుకుంది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పోయింది. మార్చి 8న రంగూన్ పోయింది. మార్చి 23న జపాన్ సేనలు పోర్టు బ్లెయిర్‌లో దిగాయి. అంటే తెలుగు తీరానికీ జపాన్ సైన్యానికీ మధ్య బంగాళాఖాతం తప్ప మరేదీ మిగల్లేదు.

నడక

1941 డిసెంబరు 23న, మళ్లీ 25న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. రేవులో, వీధుల్లో వేలమంది చనిపోయారు. విమానాలు ఎలా ఉంటాయో చూద్దామని వీధుల్లో నిలబడ్డవాళ్లే ఎక్కువగా పోయారు. తెలుగు రేవు కూలీలు ఊరు విడిచారు. దాంతో బర్మా ప్రభుత్వానికి గుండె ఆగినంత పనైంది. కూలీలు లేకపోతే ఓడల్లోంచి సరుకు దిగదు, సరుకు దిగకపోతే యుద్ధం నడవదు. వెళ్లినవాళ్లను బతిమాలి వెనక్కి తెచ్చారు. కొద్దివారాల తరువాత నగరం పడిపోయే ముందు మాత్రం వాళ్లను ఎవరూ పట్టించుకోలేదు.

టిక్కెట్టు దొరికినవాళ్లు ఓడెక్కారు. దొరకనివాళ్లు నడిచారు. ప్రోమ్ నుంచి తౌంగుప్ కనుమ మీదుగా అరకాన్ తీరానికి వందమైళ్లకు పైగా కొండదారి. నీళ్లు లేవు, కలరా ఉంది. అక్కడి నుంచి అక్యాబ్, చిట్టగాంగ్. ఇంకో దారి మాండలే నుంచి తమూ, ఇంఫాల్ మీదుగా దిమాపూర్ రైల్వే స్టేషనుకు. మూడోది హుకాంగ్ లోయ గుండా అస్సాం లెడో వైపు. వానాకాలం మొదలయ్యాక ఆ లోయలో నడిచినవాళ్లలో చాలామంది జలగలకూ, మలేరియాకూ, ఆకలికీ బలయ్యారు.

మొత్తం నాలుగు నుంచి ఐదు లక్షలమంది నేలదారిన భారతదేశానికి వచ్చారని అంచనా. దారిలో చనిపోయినవారి లెక్క ఎవరూ కచ్చితంగా వేయలేదు. పదివేలంటారు కొందరు, ఎనభైవేల దాకా చెబుతారు ఇంకొందరు. తెల్లవాళ్లకు ఒక దారి, నల్లవాళ్లకు ఒక దారి కేటాయించారన్న ఆరోపణ అప్పట్లో దేశాన్ని అట్టుడికించింది. మెరుగైన దారిలో ఏనుగులు, విడిదులు, రేషను. రెండోదాంట్లో కాళ్లు మాత్రమే.

ఇల్లు చేరినవాడు ఎలా చేరాడో ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్దవాళ్లు చెప్పుకునేవారు. రంగం నుంచి వచ్చేవాడంటే అంతకుముందు టేకు పెట్టె, లుంగీలు, గొడుగు, మెరిసే గుండీల చొక్కా. 1942లో వచ్చినవాడికి భుజం మీద తుండు తప్ప ఏమీ లేదు. కొందరి ఇంటికి ఆ తుండు కూడా రాలేదు. చావు కబురు వస్తే కర్మ చేయవచ్చు. ఏ కబురూ రాని ఇళ్లలో బొట్టు తుడుచుకోవాలో ఉంచుకోవాలో తెలియక ఏళ్లు గడిపిన ఆడవాళ్లున్నారు. యుద్ధంలో చనిపోయినవారి సంఖ్యల్లో వీళ్లకు గడి లేదు.

మలయా రబ్బరు తోటల్లో ఉన్న తెలుగువారి కష్టం వేరే. సయాం – బర్మా రైలుమార్గం వేయడానికి జపాన్ సైన్యం తోటల నుంచి కూలీలను తరలించుకుపోయింది. నాలుగువందల కిలోమీటర్లకు పైగా అడవి నరికి, 1943 అక్టోబరుకు పట్టాలు కలిపారు. పట్టాల వెంట పోయిన వేలాది తోటకూలీల్లో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. యుద్ధం ముగిశాక మిగిలినవాళ్ల చేతిలో జపాన్ అచ్చువేసిన నోట్లు మిగిలాయి. అవి చెల్లవని బ్రిటిష్ ప్రభుత్వం ఒక్కమాటతో తేల్చేసింది.

ఏప్రిల్ 6

ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం. అడ్మిరల్ నగుమో విమానవాహక నౌకలు కొలంబో మీద దాడి చేశాయి. బ్రిటిష్ క్రూజర్లు కార్న్‌వాల్, డార్సెట్‌షైర్ ఆ రోజే మునిగిపోయాయి. ఇదంతా జరుగుతుండగా అడ్మిరల్ ఒజావా నాయకత్వంలో ఇంకో దళం బంగాళాఖాతంలోకి వచ్చింది. అందులో ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక ఉంది. దాని పని యుద్ధనౌకల కోసం వెతకడం కాదు. తూర్పుతీరం వెంట వెళ్లే సరుకు ఓడల్ని వెదికి ముంచడం.

ఏప్రిల్ 6, సోమవారం. ర్యూజో విమానాలు కాకినాడ మీదా, విశాఖ మీదా బాంబులు వేశాయి. అదే రోజు ఒడిశా తీరం నుంచి ఆంధ్ర తీరం దాకా సరుకు ఓడలు ఒకదాని తరువాత ఒకటి మునిగాయి. కొద్దిరోజుల్లో ఇరవైకి పైగా ఓడలు, లక్ష టన్నులకు మించిన బరువు సముద్రగర్భంలో కలిసింది. బతికి బయటపడ్డ నావికులు పడవల్లో తీరానికి కొట్టుకొచ్చారు.

విశాఖలో చనిపోయినవారు పదిమందికి మించలేదు. ప్రపంచయుద్ధం లెక్కల్లో ఇది చుక్క కూడా కాదు. దాడి ఎందుకు జరిగిందన్నది మాత్రం సులువుగానే తెలుస్తుంది. ఇక్కడ రేవు ఉంది, కొత్తగా ఓడల కార్ఖానా లేస్తోంది, నౌకాదళ స్థావరం ఉంది, మాంగనీసు గుట్టలున్నాయి. ఎదురుగా నిలబడి విమానాలను ఆపే బలగం మాత్రం అంతంతమాత్రమే. 1914 సెప్టెంబరులో జర్మన్ నౌక ఎమ్డెన్ ఒక రాత్రి మద్రాసు మీద గుండ్లు కురిపించి వెళ్లిన తరువాత తూర్పుతీరం మళ్లీ అలాంటిది చూడలేదు. ఈసారి నిప్పు ఆకాశం నుంచి వచ్చింది.

మర్నాటి నుంచి ఊరు ఖాళీ అయింది. రైళ్లలో, ఎడ్లబళ్లలో, కాలినడకన విజయనగరం, అనకాపల్లి, ఇంకా లోపలి పల్లెలకు జనం పోయారు. పట్నంలో ఉండేవాడికి పల్లెలో ఓ బంధువు ఉండటం ఎంత అవసరమో ఆ వారంలో తెలిసొచ్చింది. తీరం వెంట భయం దక్షిణానికి పాకింది. ఏప్రిల్ రెండో వారంలో జపాన్ నౌకాదళం వస్తోందన్న కబురు మీద మద్రాసు ప్రభుత్వమే కార్యాలయాలను లోపలి ఊళ్లకు తరలించింది. మద్రాసు జంతుప్రదర్శనశాలలో బోనులు బద్దలైతే ప్రమాదమని క్రూరమృగాలను కాల్చేశారు. జపాన్ ఓడలు మాత్రం రాలేదు.

వాల్తేరు కొండమీది ఆంధ్ర విశ్వవిద్యాలయం సైన్యానికి అప్పగింతైంది. అప్పుడు వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. 1942లో విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయి, యుద్ధం ముగిశాకే తిరిగి వచ్చింది. గాజు పరికరాలు గడ్డిలో చుట్టుకుని, పుస్తకాలు పెట్టెలకెక్కి రైలు ప్రయాణం చేశాయి. ఓడల కార్ఖానా యంత్రాలలో కొన్ని కూడా బొంబాయికి చేరాయి. ఈ ఊరు తొలి ఓడను కట్టడానికి ఆ తరువాత ఆరేళ్లు పట్టింది.

ర్యూజో కూడా ఎక్కువ కాలం నిలవలేదు. ఆగస్టు 24న తూర్పు సోలమన్ దీవుల యుద్ధంలో అమెరికన్ విమానాలు దాన్ని ముంచాయి. విశాఖ మీద బాంబు వేసి అప్పటికి ఐదు నెలలు కూడా కాలేదు.

చిల్లికాణీ, కంట్రోలు

యుద్ధం ఆకాశం నుంచి వచ్చింది ఒక్కరోజు. మిగతా రోజుల్లో బజారు దారిన వచ్చింది.

బర్మా బియ్యం ఆగిపోయింది. కోస్తా జిల్లాల్లో వరి పండుతుంది కాబట్టి ఆకలి బెంగాల్ అంత ఉద్ధృతంగా లేదు. బెంగాల్‌లో 1943లో ముప్ఫై లక్షలమంది దాకా చనిపోయారు. ఇక్కడ మాత్రం ధర కట్టలు తెంచుకుంది. యుద్ధానికి ముందున్న టోకు ధరలు 1943 నాటికి రెండింతలు దాటాయి. జీతగాడికీ కూలివాడికీ ఆదాయం అలా పెరగలేదు. కిరసనాయిలు, బట్ట, చక్కెర, బియ్యం అన్నీ కాగితం మీద దొరకడం మొదలైంది. తెలుగులోకి కొత్త మాటలు వచ్చిపడ్డాయి: కంట్రోలు, రేషను, కోటా, పర్మిట్టు, బ్లాకు, సైరను, ఎ.ఆర్.పి. (విమానదాడి జాగ్రత్తలు). వీటిలో సగం ఇప్పటికీ నాలుక మీద ఉన్నాయి. చౌకధరల దుకాణానికి ఎన్ని కొత్త పేర్లు పెట్టినా ముసలివాళ్లకది 'కంట్రోలు డిపో'యే. సినిమా టిక్కెట్టు ఎక్కువ ధరకు కొన్నవాడు 'బ్లాకులో కొన్నా' అంటాడు. ఆ బ్లాకుకు వెనక ఏ యుద్ధముందో వాడికి పట్టదు.

నాణేన్ని చేతిలోకి తీసుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది. 1940లో వెండి రూపాయిలో వెండిని నూటికి తొంభై పైచిలుకు పాళ్ల నుంచి యాభైకి దించారు. ప్రజలు మంచి రూపాయిల్ని దాచేసుకున్నారు, అవి బజారు నుంచి మాయమయ్యాయి. మళ్లీ ఒక రూపాయి కాగితం నోటు వచ్చింది. 1943లో కాణీ రూపు మారిపోయింది. రాగి ఆదా చేయాలని మధ్యలో పెద్ద బెజ్జం పెట్టి, ఉంగరంలా చేసి వదిలారు. మీద చిన్న కిరీటం, అంచు చుట్టూ అక్షరాలు, మధ్యలో ఏమీ లేదు. బోల్టు కింద వేసే వాషరులా ఉండేది. తల్లులు దాన్ని దారానికి గుచ్చి పిల్లల మొలతాడుకు కట్టేవారు. 'చిల్లిగవ్వ' అన్న మాట తెలుగులో ఎప్పటినుంచో ఉంది. చిల్లికాణీ మాత్రం యుద్ధం ఇచ్చినది. ప్రభుత్వమే డబ్బుకు చిల్లు పెట్టిందని జనం నవ్వుకోవడానికి ఆ కాణీ బాగా పనికొచ్చింది.

పని కూడా దొరికింది, అది దాచవలసిన సంగతి కాదు. రేవులో, రైల్వేలో, సైన్యపు గుత్తేదార్ల దగ్గర కూలి దొరికింది. ప్రపంచంలోనే అతిపెద్ద స్వచ్ఛంద సైన్యంగా ఇరవై ఐదు లక్షలమంది భారతీయులు యూనిఫాం వేసుకున్నారు. అందులో తెలుగు కుర్రాళ్లూ ఉన్నారు. యుద్ధం కొందరికి నష్టం, కొందరికి అన్నం. రెండూ ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే ఇంట్లో జరిగాయి.

1944లో ఇంఫాల్, కొహిమాల దగ్గర జపాన్ సేనలు ఆగిపోయాయి. 1945 ఆగస్టులో లొంగిపోయాయి. ఆ మరుసటి ఫిబ్రవరిలో బొంబాయిలో మొదలైన నావికుల సమ్మె విశాఖ రేవులోని నావికుల్నీ తాకింది. యుద్ధం నేర్పిన చేతులే ఎదురుతిరిగాయి. 1948 మార్చి 14న నెహ్రూ విశాఖ వచ్చి జల ఉష అనే ఓడను నీటిలోకి వదిలారు. 1942లో ఆగిన పని అప్పటికి తీరం చేరింది.

తెరుచుకోని దారి

రంగం దారి మాత్రం తెరుచుకోలేదు. యుద్ధం తరువాత కొందరు తిరిగి వెళ్లారు. కానీ బర్మా 1937లోనే భారతదేశం నుంచి విడిపోయింది, 1948లో స్వతంత్రమైంది. 1962 మార్చిలో జనరల్ నెవిన్ అధికారం చేజిక్కించుకున్నాడు. దుకాణాలు జాతీయమయ్యాయి. 1964 మేలో యాభై, నూరు చాట్ల నోట్లు చెల్లవన్నారు. రెండోసారి ఖాళీ చేతులతో ఓడెక్కి భారతీయులు వచ్చారు, ఈసారి మూడు లక్షలకు దగ్గరగా.

విశాఖ కంచరపాలెంలో 'బర్మా క్యాంపు' అనే పేట ఉంది. ఆటోవాడికి ఆ పేరు చెబితే ఇంకేమీ అడగడు. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు బర్మా అంటే ఒక బస్సు స్టాపు. ఆ పేరు వెనక రెండు కాందిశీకపు అలలున్నాయి. మొదటిది 1942లో నడిచి వచ్చింది, దానికి పేట పేరు కూడా మిగల్లేదు. రెండోది 1964లో ఓడల్లో వచ్చింది, దానికి క్యాంపు దొరికింది. 

రంగం లేకపోయేసరికి ఉత్తరాంధ్ర కూలి ఎటు పోవాలో వెతుక్కుంది. కొందరు ఖరగ్‌పూర్‌కు, కలకత్తా జనపనార మిల్లులకు పోయారు. కొందరు అండమాన్ ఓడ ఎక్కారు. అక్కడికి విశాఖ నుంచి ఇప్పటికీ ఓడ వెళుతుంది. మిగిలినవాళ్లు విశాఖలోనే రేవు, షిప్‌యార్డు, 1957లో వచ్చిన కాల్టెక్స్ రిఫైనరీ గేట్ల ముందు నిలబడ్డారు. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని ముప్ఫై ఇద్దరు ప్రాణాలిచ్చి ఈ ఊరికి ఉక్కు ఫ్యాక్టరీ సాధించారు. ఆ ఆందోళనలో అంత ఆకలి ఎందుకుందో అర్థం కావాలంటే, అంతకు పాతికేళ్ల ముందు ఈ తీరానికి దగ్గరున్న పెద్ద ఉద్యోగ దారి మూతపడిందన్న సంగతి గుర్తుంచుకోవాలి.

కొనుగోలుదారుగా జపాన్

ఈ కథలో ఒక మెలిక ఉంది. 1944 జూన్‌లో అమెరికన్ బి-29 విమానాలు జపాన్‌లోని యవాటా ఉక్కు కర్మాగారం మీద బాంబులు వేశాయి. అవి చైనాలోని చెంగ్డు నుంచి ఎగిరాయి కానీ వాటి అసలు స్థావరాలు ఖరగ్‌పూర్ చుట్టుపక్కలే. వేలాది తెలుగు కుటుంబాలు రైల్వే కాలనీల్లో బతికే అదే ఖరగ్‌పూర్. ఆ రైల్వే కూడా విశాఖ రేవు కట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వేయే.

యుద్ధం ముగిసి పదిహేనేళ్లు తిరగకముందే ఆ జపాన్ ఉక్కు మిల్లులు తిరిగి నిలబడి ఖనిజం కోసం ప్రపంచమంతా గాలించాయి. బస్తర్ బైలడిల్లా కొండల ఇనుపరాయి వారికి నచ్చింది. 1960లో ఒప్పందం కుదిరింది. ఆ ఖనిజం కోసమే అరకు లోయ సొరంగాల గుండా కొత్తవలస – కిరండుల్ రైలుమార్గం వచ్చింది. పెద్ద ఓడల కోసం 1976లో విశాఖ బయటి హార్బరు వచ్చింది. 1942లో బాంబు పడ్డ రేవు నుంచి బాంబు వేసిన దేశానికి ఓడల కొద్దీ ఇనుపరాయి వెళ్లింది. అరకు వెళ్లే రైలులో కిటికీ పక్క సీటు కోసం పోటీపడే పర్యాటకులు ఏ సొరంగాలను లెక్కపెడతారో, అవి ఆ బేరం కోసం తొలిచినవే.

ఈ ఊరు రాయి నిలిపి గుర్తుంచుకున్న యుద్ధం మాత్రం వేరే. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరంలో మునిగిపోయింది. ఆ యుద్ధానికి బీచ్ రోడ్డులో విజయస్తంభం ఉంది, ఒడ్డున కురుసురా జలాంతర్గామి మ్యూజియం ఉంది. గెలిచిన యుద్ధానికి రాయి లేవడం సహజం. 1942 యుద్ధం విశాఖది కాదు, విశాఖను అడిగి వచ్చినదీ కాదు. అందులో ఈ ఊరు గెలిచిందో ఓడిందో చెప్పడం కూడా కష్టం. అందుకే దానికి మిగిలింది మ్యూజియంలో పేలని బాంబు, ఇసుకలో కొన్ని కాంక్రీటు గదులు.

ఆ గదుల్ని పిల్‌బాక్సులంటారు. సైనికుడు లోపల నక్కి తుపాకీ పెట్టుకోవడానికి గోడల్లో సన్నని బెజ్జాలుంటాయి. జాలరిపేట దగ్గర ఒకటి ఉంది. కొన్నేళ్ల క్రితం సముద్రం ఒడ్డును కోసేసినప్పుడు వై.ఎం.సి.ఎ. ఎదుటి తీరంలో ఇసుకలోంచి ఇంకొకటి తేలింది. నాలుగు రోజులు జనం దాని మీదెక్కి ఫొటోలు దిగారు, ఐస్‌క్రీము బండివాడు పక్కనే బేరం పెట్టాడు. ఆ కాంక్రీటు గదుల్లో వంగి కూర్చుని బెజ్జంలోంచి చూస్తే కనిపించేది తూర్పు సముద్రం. ఒకప్పుడు రంగం స్టీమరు పొగ వదులుతూ వెళ్లిన వైపు.